మా నెత్తురు మీకు కావాలె, మా రోగం సంగతి మాకొద్దా?

ఏప్రిల్ 14 వచ్చిందంటే మా మఠంపల్లి వాడల్లో పండుగ. బాబాసాహెబు విగ్రహాన్ని కడుగుతాం, దండ వేస్తాం, డప్పు కొడతాం, అందరం కలిసి తింటాం. కొన్నేండ్ల నుంచి ఆ పండుగలో ఇంకోటి చేరింది. పొద్దున్నే తెల్లబండి వస్తుంది. మంచాలు వేస్తారు. మా పిల్లలు వరుసగట్టి చేతులు చాపుతారు. ఒక అరటిపండు, ఒక బిస్కెట్ పొట్లం, పేరు రాసిన ఒక సర్టిఫికెటు ఇచ్చి, మధ్యాహ్నానికల్లా నెత్తురు సంచులు ఐస్ పెట్టెల్లో పెట్టుకొని బండి వెళ్ళిపోతుంది.

దీన్ని మేము గర్వంగానే చేశాం. ఊరి బాయిలో మా తాతల బొక్కెన మునగనియ్యలేదు. ఇయ్యాల వాళ్ళ మనుమలకు ఆపరేషనంటే మా నెత్తురు పోతోంది. సంచి మీద గ్రూపు రాసి ఉంటుంది, కులం రాసి ఉండదు. కులం నెత్తురులో ఉన్నదని వాదించేవాళ్ళకు ఇంతకన్నా జవాబేముంది? నెత్తురు మైలపడుతుందని మిర్యాలగూడలో 2018లో కన్నబిడ్డ పెనిమిటినే చంపించిన గడ్డ ఇది. ఈ గడ్డ మీద మా పిల్లలు నెత్తురిచ్చి నిలబడ్డారు. రక్తదానానికి మేము ఎదురు కాదు, ముందే చెపుతున్నాం. మేము అడిగేది వేరే.

మా తమ్ముడొకడు ఉన్నాడు. పేరు రాయం. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. నాలుగుసార్లు నెత్తురిచ్చాడు. నాలుగు సర్టిఫికెట్లు గోడకు కొట్టుకున్నాడు. అప్పులు తీరక గల్ఫు పోదామనుకున్నాడు. అప్పు మీద అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, మెడికల్‌కు పోతే ‘అన్‌ఫిట్’ అని రాసిచ్చారు. ఎందుకయ్యా అంటే హెపటైటిస్ బి. అప్పటిదాకా ఆ పేరే వినలేదు. ఒంట్లో నొప్పి లేదు, జ్వరం లేదు, కండ్లు పచ్చబడింది లేదు.

మేము నలుగురం వాణ్ణి తీసుకొని రక్తనిధికి పోయినం. ఆ రక్తనిధి పేరు కూడా రాయం. ఒక్కదాని తప్పయితే పేరు రాసేవాళ్ళం. కంప్యూటర్ల చూసి అక్కడి ఉద్యోగి చెప్పింది ఇది:

“మా దగ్గర రెండు సంచులు ఇచ్చిండు. రెండూ రియాక్టివ్ వచ్చినయి. రెండూ పారేసినం.”

“మిగతా రెండు?”

“అవి వేరే బ్యాంకు వాళ్ళు తీసుకున్నరు. మాకు తెల్వదు.”

“మొదటిది పారేసినంక రెండోసారి ఎందుకు తీసుకున్నరు సార్?”

“క్యాంపుల వందమంది ఉంటరు. ఎవరు ఎవరని చూస్తం?”

“మరి వానికెందుకు చెప్పలేదు? ఫోన్ నంబరు రాసుకున్నరు గద.”

“ఫోన్లు చెయ్యనీకె మనిషి లేడు.”

సంచి పారేశారు, మంచిదే. ఆ నెత్తురు ఎక్కించుకోవలసిన మనిషి బతికిపోయాడు. మరి మా మనిషినెందుకు పారేశారు? మొదటి సంచికీ గల్ఫు మెడికల్‌కూ మధ్య మూడేండ్లు. ఆ మూడేండ్లలో వాడి భార్యకు రెండో కాన్పు అయింది. ఆమెకు టీకా లేదు, పరీక్ష లేదు. బిడ్డకు పుట్టిన 24 గంటలలోపు వేయవలసిన టీకా వేశారో లేదో కార్డులో రాసి లేదు. ఆ మూడేండ్లూ వాడు సాయంత్రం బెల్టుషాపుకు పోయాడు. కాలేయంలో వైరస్ ఉన్నవాడికి సారా విషమని చెప్పేవాళ్ళెవరు? తెలిసినవాళ్ళు తెలిసి ఊకున్నారు. మా వాడు తెలియక పాడైపోయాడు.

ఒక మాట స్పష్టంగా రాస్తున్నాం, లేకపోతే పుకారు పుడుతుంది. వాడికి రోగం శిబిరంలో రాలేదు. లైసెన్సున్న రక్తనిధి కొత్త సంచి, కొత్త సూది వాడుతుంది, వాడి పారేస్తుంది. నెత్తురిస్తే హెపటైటిస్ రాదు. కానీ నెత్తురు తీసినచోట రోగం తెలుస్తుంది. తెలిసిందాన్ని మనిషికి చెప్పకపోవటం నేరం అంటున్నాం.

చైనాలో ఒక డాక్టరమ్మ

ఇది మా ఒక్కరి కథే అనుకునేవాళ్ళం. తెలుసుకుంటే లోకమంతా ఇదే ఉంది.

చైనాలో హెనాన్ అనే రాష్ట్రం. సేద్యం మీద బతికే బీదవాళ్ళ ప్రాంతం. 1990ల మొదట్లో అక్కడ సర్కారు అధికారులే దగ్గరుండి ప్లాస్మా కొనే కేంద్రాలు పెట్టించారు. ప్లాస్మా అంటే ఏందంటే, నెత్తురును యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, పైకి తేలే పచ్చటి నీరే ప్లాస్మా. దాంట్లోంచి అల్బుమిన్, ఇమ్యునోగ్లోబ్యులిన్, నెత్తురు గడ్డకట్టని జబ్బుకు వాడే మందు తీస్తారు. కంపెనీకి ఆ నీరు కావాలె, ఎర్రకణాలు అక్కరలేదు. వాటిని తిరిగి ఎక్కిస్తే మనిషి తొందరగా లేస్తాడు, తొందరగా మళ్ళా అమ్ముకోవటానికి వస్తాడు. అందుకని ఒకే గ్రూపు వాళ్ళ నెత్తురును ఒక్కచోట కలిపి తిప్పారు. నీరు తీసుకొని, మిగిలిన ఎర్రకణాలను అందరికీ పంచి ఎక్కించారు. ఒకడి ఒంట్లో ఉన్న రోగం ఆ వరుసలో ఉన్నవాళ్ళందరికీ పంచినట్టయింది.

వాంగ్ షుపింగ్ అనే డాక్టరమ్మ 1991లో జౌకౌ అనే ఊళ్ళో ఇలాంటి ప్లాస్మా కేంద్రంలో పనికి చేరింది. అమ్ముకునేవాళ్ళలో హెపటైటిస్ సి పాకిపోతోందని పరీక్షలు చేసి పట్టుకుంది. పైవాళ్ళకు చెప్పింది. పరీక్షలు పెడితే ఖర్చెక్కువ అన్నారు. ఆమె ఊకోలేదు, కేంద్ర ఆరోగ్య శాఖ దాకా రాసింది. 1993లో చైనా సర్కారు ప్లాస్మా ఇచ్చేవాళ్ళందరికీ హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి చేసింది. ఆమెకు దక్కిన బహుమతి ఏందంటే, వ్యాపారానికి అడ్డమొచ్చిందని ఆ పనిలోంచి తప్పించారు.

1995లో ఆమెకు ఇంకోటి తెలిసింది. ఎయిడ్స్ వైరస్ ఉన్నట్టు తేలిన ఒక మనిషి, తేలిన తర్వాత కూడా నాలుగుచోట్ల నెత్తురు అమ్ముకున్నాడు. నాలుగుచోట్ల! మా తమ్ముడి సంగతి గుర్తుకు రాలేదా? ఒకచోట పారేసిన సంచి సంగతి ఇంకోచోట తెలియదు. మళ్ళా పైవాళ్ళను అడిగింది, మళ్ళా ఖర్చన్నారు. సొంతంగా పరీక్ష సామాను కొని 400కు పైగా నమూనాలు తీసింది. నూటికి 13 మందిలో ఎయిడ్స్ వైరస్ బయటపడింది. ఒక రిటైరయిన ఆరోగ్యశాఖ పెద్ద దుడ్డుకర్ర పట్టుకొనివచ్చి ఆమె పరీక్ష గదిని పగలగొట్టాడు. అడ్డంపోతే ఆమెనూ కొట్టాడు. 1996లో దేశంలోని కేంద్రాలన్నీ మూసి, సరిచేసి, ఎయిడ్స్ పరీక్ష పెట్టి తెరిచారు. అదే ఏడు ఒక సభలో పెద్దాఫీసరొకాయన, కేంద్రానికి నేరుగా రిపోర్టు రాసిన మగాడెవడని మండిపడితే, ఆమె లేచి నిలబడి మగవాడు కాదు, ఆడదాన్ని, రాసింది నేనే అని చెప్పింది. ఉద్యోగం పోయింది. 2001లో అమెరికా పోయింది. 2019 సెప్టెంబరులో అక్కడే, 59 ఏండ్లకు కన్నుమూసింది.

ఆమె చేసిందేంది? ఇచ్చినవాళ్ళ వెంట పడింది. సంచిని కాకుండా మనిషిని లెక్కబెట్టింది.

మన దేశం సంగతి

చైనాను తిట్టి మనం చేతులు దులుపుకునే పని లేదు. మన దగ్గర కూడా నెత్తురు అమ్ముకొని బతికినవాళ్ళున్నారు. రిక్షా తొక్కేవాళ్ళు, అడ్డా కూలీలు, పనిదొరకని రోజు దవాఖాన గేటు దగ్గర నిలబడి సంచి అమ్ముకున్నారు. ప్లాస్మా కూడా అమ్ముకున్నారు. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు అలాంటి ప్లాస్మా అమ్మకందార్లలో ఎయిడ్స్ వైరస్ పాకిందని 1989లో ప్రకటించారు. అదే సంస్థవాళ్ళు 1995లో పశ్చిమ భారతంలో ప్లాస్మా అమ్ముకునేవాళ్ళను పరీక్షించి, నూటికి ఎనభై మందికి పైగా హెపటైటిస్ సి ఆనవాళ్ళున్నాయని రాశారు. నూటికి ఎనభై! ఇది రోగం పాకటం కాదు, ఒక కేంద్రం కూర్చొని మనుషులకు రోగం ఎక్కించటం.

ఆ తర్వాత వాళ్ళేమైనారు? ఆ కాలేయాలు ఎప్పుడు చెడిపోయినాయి, ఏ ఫుట్‌పాత్ మీద, ఏ గూడెంలో కండ్లు పచ్చబడి చచ్చిపోయారు? వాళ్ళ పిల్లల కన్నా చెప్పారా? వైద్య పత్రికలో వాళ్ళు ఒక శాతంగా మిగిలినారు.

‘కామన్ కాజ్’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు ఇచ్చింది. లైసెన్సు లేని రక్తనిధి నడవరాదని, రెండేండ్లలో డబ్బుకు నెత్తురు కొనటం బందు కావాలని చెప్పింది. 1998 జనవరి 1 నుంచి అమ్మకం నిషేధం. మంచి తీర్పు. కానీ నిషేధం కాయితం మీద పడుతుంది, ఆకలి కడుపు మీద ఉంటుంది. 2008లో ఉత్తరప్రదేశ్ గోరఖ్‌పూర్‌లో పోలీసులు ఒక పాల వ్యాపారి కొట్టాల్లో బందీలుగా ఉన్న 17 మందిని విడిపించారు. పని ఇస్తామని తీసుకొచ్చి తాళంపెట్టి, బర్రెను పిండినట్టు వాళ్ళ నెత్తురు పిండి అమ్ముకున్నారు.

హెపటైటిస్ సి వైరస్‌ను కనిపెట్టింది 1989లో. మన రక్తనిధుల్లో దాని పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. మధ్యలో పన్నెండేండ్లు పోయినాయి. ఆ పన్నెండేండ్లలో కాన్పుకు, ఆపరేషనుకు నెత్తురు ఎక్కించుకున్న మన అక్కలు, అమ్మలు ఇయ్యాల ఎట్లున్నారో పిలిచి చూసినవాళ్ళెవరు?

ఇంకో సంగతి వినండి. 1990లలో మన సర్కారు విధానమే ఏమంటే, రక్తనిధిలో ఎయిడ్స్ పరీక్ష పేరు లేకుండా చేయాలి, ఫలితం ఇచ్చినవాడికి చెప్పరాదు. సంచిని కాపాడు, మనిషి సంగతి నీకొద్దు అని రాసుకున్నారు. 2002 జాతీయ రక్త విధానం తర్వాతనే ఇచ్చినవాడికి చెప్పాలనే మాట వచ్చింది. 2017లో జాతీయ రక్త మార్పిడి మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్షలో తేడా వస్తే దాతను పిలిచి చెప్పాలి, దవాఖానకు పంపాలి అని అందులో ఉంది. అంటే మేము అడుగుతున్నది కొత్త కోరిక కాదు. మీరు రాసుకున్నదే మీరు చేయండి అంటున్నాం.

ఎక్కించుకున్నవాడికి లెక్క ఉంది, ఇచ్చినవాడికి లేదు

ఇంగ్లండులో రోగపు నెత్తురు ఎక్కించినందుకు పెద్ద విచారణ జరిగింది. 2024 మే 20న నివేదిక వచ్చింది. 30 వేల మందికి పైగా రోగం సోకింది, దాదాపు 3 వేల మంది చనిపోయారు. ప్రధానమంత్రి క్షమాపణ చెప్పాడు, నష్టపరిహారం ఇస్తామన్నాడు. న్యాయమే. కానీ ఆ మందులు తయారైన ప్లాస్మా ఎక్కడిది? చాలా వరకు అమెరికాలో డబ్బుకు అమ్ముకున్న బీదవాళ్ళది, జైలు ఖైదీలది. అర్కన్సా రాష్ట్రపు జైళ్ళలో 1994 దాకా ఖైదీల ప్లాస్మా తీసి అమ్మారు. ఆ ఖైదీలకు ఎవరు క్షమాపణ చెప్పారు? నెత్తురు విలువైంది, ఇచ్చినవాడు విలువలేనివాడు. పాలు తీపి, బర్రె పెంట అన్నట్టుంది వీళ్ళ నీతి.

దూరమెందుకు? మట్టపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. పిడుగురాళ్ళ పేద ఆడవాళ్ళను హైదరాబాదు తీసుకుపోయి, కాన్సరు మందు పరీక్షలకు వాడుకున్న సంగతి 2011లో బయటపడింది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు, గిరిజన పిల్లలకు టీకా ప్రయోగం చేసి, తల్లిదండ్రుల బదులు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘమే తప్పు పట్టింది. ఒళ్ళు మాది, సంతకం వాళ్ళది, లాభం ఇంకొకళ్ళది. ప్రతిసారీ దొరికేది మా ఒళ్ళే ఎందుకని అడగకుండా ఎట్లుంటాం?

ఈ రోగం గురించి నాలుగు ముక్కలు

కామెర్లన్నీ ఒకటి కావు. చెడ్డ నీళ్ళతో వచ్చే ఏ, ఈ రకాలు వేరు. అవి వచ్చి చాలామందిలో తగ్గిపోతాయి. నెత్తురుతో వచ్చే బి, సి రకాలు వేరు. అవి ఇరవై ముప్పై ఏండ్లు చప్పుడు లేకుండా కాలేయాన్ని తింటాయి. కండ్లు పచ్చబడ్డనాడు పసరు పోయించుకొని, పథ్యం చేసి, తగ్గిందనుకుంటే మోసపోతాం.

బి రకం తల్లి నుంచి బిడ్డకు కాన్పులో వస్తుంది. వాడిన సూది మళ్ళా వాడితే వస్తుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సూదులు, సిరంజీలు మళ్ళా వాడి ఎంతమందిని చంపారో దేశం చూసింది. క్షవరం బ్లేడుతో, జాతరలో పచ్చబొట్టు సూదితో, సంసారంతో కూడా వస్తుంది. పక్కన కూర్చుంటే రాదు. ఒకే కంచంలో తింటే రాదు. కడవ ముట్టుకుంటే రాదు. ఈ మాట ఊరికి కాదు, ముందు మన వాడకే చెపుతున్నాం. మా తమ్ముడి సంగతి తెలిసినంక కొందరు వాడి ఇంట్లో నీళ్ళు తాగటం మానేశారు. అంటరానితనం ఎట్లుంటదో వెయ్యేండ్లు చూసినోళ్ళం మనమే ఇంకొకణ్ణి అంటరానివాణ్ణి చేస్తామా? సిగ్గుపడాలె.

బి రకానికి టీకా ఉంది. బయటి దేశం టీకా వందల రూపాయలున్న రోజుల్లో, 1997లో హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ చౌకగా తయారుచేసింది. ఇయ్యాల పిల్లలకు సర్కారు ఉచితంగా వేస్తుంది. సోకినవాళ్ళందరికీ మందు అక్కరలేదు, కానీ డాక్టరు చూపు తప్పకుండా ఉండాలె. అవసరమైతే మాత్రలున్నాయి. సి రకానికి టీకా లేదు, కానీ పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై ఐదు మందికి నయమవుతుంది. ఆ మాత్ర అమెరికాలో ఒక్కొక్కటి వెయ్యి డాలర్లకు అమ్మారు. మన హైదరాబాదు కంపెనీలే 2015 నుంచి చౌకగా చేస్తున్నాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్ష, మందు ఉచితం. మందు ఉన్నది, పథకం ఉన్నది. రోగికి రోగం ఉన్నదని చెప్పేవాడే లేడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం మన దేశంలో 2.98 కోట్ల మందికి బి, 55 లక్షల మందికి సి ఉంది. వీళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇంకొక సంగతి. దవాఖానలో ఆ సూదులను ఎత్తేదెవరు? నెత్తురు గుడ్డలు పిండేదెవరు? పారేసిన సంచిని మోసేదెవరు? కాంట్రాక్టు సఫాయి కార్మికులు. ఎక్కువమంది మన అక్కలు, మన అన్నలు. డాక్టరుకు మూడు డోసుల టీకా పడుతుంది, చెత్త ఎత్తే మా అక్కకు చేతితొడుగు కూడా సరిగా అందదు. సూది గుచ్చుకుంటే కాంట్రాక్టరుకు చెప్పాలంటే భయం, పని తీసేస్తడని.

మా డిమాండ్లు

1. శిబిరంలో నెత్తురు తీసిన ప్రతి మనిషికీ నెలలోపు పరీక్ష ఫలితం మూసిన కవరులో, వాడి చేతికే అందాలి. సర్టిఫికెటు ఊరి ముందు ఇవ్వండి, ఫలితం ఒంటరిగా చెప్పండి. రోగం పేరు వాడలో చాటితే ఊరుకోం.

2. తేడా వచ్చినవాణ్ణి రెండో పరీక్షకు పిలవాలి. మొదటి పరీక్షలో తేలినంత మాత్రాన రోగం ఖాయం కాదు, రెండోది చేసి నిర్ధారించాలి. బస్సు కిరాయి, కూలి పోయిన రోజు డబ్బు ఇవ్వాలి. మఠంపల్లి నుంచి హుజూర్‌నగర్ దాటి సూర్యాపేట పోయి రావటమంటే ఒక కూలిరోజు పోయినట్టే.

3. భార్యకు, భర్తకు, పిల్లలకు పరీక్ష చేయాలి. లేనివాళ్ళకు బి టీకా అక్కడే వేయాలి.

4. ఒక రక్తనిధిలో తేలింది ఇంకో రక్తనిధికి తెలిసే ఏర్పాటు, మనిషి గుట్టు కాపాడుతూ, చేయాలి.

5. దవాఖాన సఫాయి కార్మికులందరికీ, కాంట్రాక్టు వాళ్ళతో సహా, బి టీకా వేయాలి. సూది గుచ్చుకున్న కార్మికుణ్ణి పనిలోంచి తీసేయరాదు.

6. మేమిచ్చిన నెత్తురులోంచి తీసిన ప్లాస్మా మందుల కంపెనీలకు పోతుంది. ఎంత పోయింది, ఎంత డబ్బు వచ్చింది, ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టారు? ఏటా బోర్డు మీద రాయాలి. అందులోంచే మాకు ఫోన్ చేసే మనిషి జీతం ఇవ్వొచ్చు.

సంఘాల అన్నలకు, అక్కలకు ఒక మాట. రేపు శిబిరం పెట్టేది మనమే, మంచాలు వేసేది మనమే. కనుక షరతు పెట్టేది కూడా మనమే కావాలి. ఫలితం చెపుతామని రక్తనిధి కాయితం మీద రాసిచ్చినాకనే చెయ్యి చాపుదాం. ఎవరెవరు ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో మన సంఘం పుస్తకంలో రాసుకుందాం. నెలకు ఫలితం రాకపోతే పదిమందిమి కలిసి పోదాం. ఫలితంలో ఏమున్నదో మనం అడగొద్దు, అది వాడి గుట్టు. అందిందా లేదా అన్నంత వరకే అడుగుదాం.

మా తమ్ముడు ఇప్పుడు మందు తాగటం మానేశాడు. సర్కారు దవాఖానలో చూపించుకుంటున్నాడు. భార్యకు పరీక్ష చేయించాం, లేదని తేలింది, టీకా మొదలైంది. చిన్నబిడ్డ పరీక్ష ఇంకా రావాలి. ఆ కాయితం కోసం మేమందరం ఎదురుచూస్తున్నాం. మూడేండ్ల కింద ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ ఎదురుచూపు ఉండేది కాదు.

గోడ మీద ఆ నాలుగు సర్టిఫికెట్లు ఇంకా ఉన్నాయి. తీసెయ్యమంటే వాడు తియ్యనన్నాడు. “ఇచ్చింది నిజమే గద అన్నా” అన్నాడు.

నిజమే తమ్ముడూ. నువ్వు ఇచ్చింది నిజం. వాళ్ళు బాకీ ఉన్నది కూడా నిజం. ఆ బాకీ వసూలు చేసేదాకా అడుగుతూనే ఉంటాం.

జై భీమ్!